గుంయ్‌మనని పెట్టె

ఒరేయ్ బామ్మర్దీ ఫిలిప్,

కోపంగా ఉన్నా సరే, నీకు వందనాలు. నువ్వు కట్టిన ఆంప్లిఫయర్‌ని మూలన పెట్టి గుంటూరులో గిటార్‌కి డిజిటల్ మోడలర్ కొన్నాననే కదా చర్చికి రావడం మానేశావు? ఇటుకంత పెట్టెరా! ఒకే టిక్కీ బస్తాలో అన్నిరకాల మిరపకాయలూ కూరినట్టు వంద ఆంప్లిఫయర్ల గొంతులున్నాయి అందులో. నీదాన్ని ఎడ్లబండిలో వాడరేవు ప్రార్థన కూటాలకు మోసిన రోజున ఎద్దు బెదిరి... సరే, అది వదిలెయ్.

మొన్న ఆదివారం కొత్త పెట్టెతో పాట ఎత్తుకున్నాను. గిటార్ తేనెలా పలికింది. ఒక్కరూ లేవలేదు, పాడలేదు! "లేవరేం?" అన్నాను.

"నీ పెట్టె ఇంకా గుంయ్‌మనలేదుగా అబ్బాయ్! అది అంటేనేగా మేం లేచేది!" అంది ఎలీసమ్మత్త.

ముప్ఫై ఏళ్లుగా మన సంఘానికి గంట నీ ఆంప్లిఫయర్ గుంయ్‌మనడమేనట! పరుగున తెచ్చి, గిటార్ తగిలించకుండానే స్విచ్చేశాను. గుంయ్‌మంది. చర్చంతా లేచింది! రెండో పాటకి ఫ్యూజు పోయింది, అందరూ కూర్చున్నారు.

వచ్చే ఆదివారం మన పాటలు రికార్డు చేస్తున్నాం. ఆ ఫ్యూజు నీ చేతికి తప్ప లొంగదు. బేసు గిటార్ కూడా తెచ్చుకో, కొత్త పెట్టెలో నీకూ ఒక గొంతు ఎంచి ఉంచాను. నువ్వొస్తేనే ఎలీసమ్మత్త లేస్తుంది.

నీ బావ