దీపం కాసే ఆవిడ చెప్పిన మాట

మా ఇంటావిడకి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఇద్దరమే అనుకో, నేనూ పిల్లా. ఆ క్యాంపు ఆస్పత్రిలో రోగులందరికీ వేళకు మందులు వేసే నువ్వు, వేళకు తింటున్నావో లేదో దాచకుండా రాయి.

నువ్వు అడిగినవి ముందు చెప్పేస్తాను. పిల్లకి దగ్గు తగ్గింది. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. గ్యారేజీలో రోజంతా బస్సుల కింద పడుకుని వచ్చాక, ఇంట్లో మళ్ళీ రెంచి పట్టుకోవాలంటే చెయ్యి రావడం లేదు. ఇక ఆ ఆట సంగతి. "పిల్ల ప్రతి ఉత్తరంలోనూ అదే రాస్తోంది, ఏమిటది?" అని అడిగావు.

దాన్ని పక్కింటి కవలలు పట్టుకొచ్చారు. బల్ల చుట్టూ కూర్చుంటాం. నేను కథ చెబుతాను, పిల్లలు ముగ్గురూ అందులో మనుషులు. మన పిల్ల ఏ తాళమైనా తీసే నేర్పరి, కవలలు దాని వెంట ఉండే సిపాయిలు. "ఇప్పుడేం చేస్తారు?" అని అడగడం నా పని. వాళ్ళు తలపెట్టింది అవుతుందో కాదో తేలకపోతే పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అది జరిగి తీరాలి. నేను గ్యారేజీలో భోజనం చేస్తూ కథంతా కట్టుకుంటాను, గుహ ఇక్కడ, దొంగలు అక్కడ అని. వీళ్ళు గుహ వైపు కన్నెత్తి చూడరు. దొంగలతో స్నేహం చేసి కూర్చుంటారు. ఇక అప్పటికప్పుడు నోటికొచ్చింది అల్లుకుంటూ పోవడమే. ఇంజనైతే ఏ భాగం ఎక్కడుంటుందో తెలుస్తుంది. ఇది మహా అలుపు.

పోయిన ఆదివారం వాళ్ళని సముద్రం దాటించాలి. పడవ తాళంచెవి ఇవ్వడానికని ఒడ్డున దీపస్తంభం కాసే ఒకావిడని పెట్టాను. రెండు ముక్కలు మాట్లాడి తాళంచెవి చేతిలో పెట్టే మనిషి, అంతే.

మన పిల్ల తాళంచెవి అందుకోలేదు. "మీకు పిల్లలున్నారా?" అని ఆవిణ్ణి అడిగింది.

అది నేను అనుకోనే లేదు. "ఒక కూతురుంది" అనేశాను.

"మరి ఇక్కడెందుకున్నారు?"

"దీపం ఆరితే ఓడలు రాళ్ళకి కొట్టుకుంటాయమ్మా."

"వేరేవాళ్ళు చూసుకోలేరా? నాన్నా, నేను ఆవిణ్ణి ఇంటికెళ్ళమని ఒప్పిస్తా. పాచిక వేస్తున్నా."

అన్నిటికంటే పెద్ద అంకె పడింది. కవలలు బల్ల గుద్దారు. నేను ఆవిడ మాటగా, "నాకూ వెళ్ళాలనే ఉంది. నేను లేకపోయినా బాగానే ఉందని ఇంటి నుంచి రాశారు. అందుకే ఉండిపోయాను" అన్నాను. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ మాట.

"ఎవరు రాశారు?" అంది పిల్ల.

"వాళ్ళాయన."

ఆ తర్వాత ఆట సాగలేదు. కవలలు మెల్లిగా ఇంటికి పోయారు.

నేను గిన్నెలు కడుగుతుంటే పిల్ల పక్కన నిలబడి తుడుస్తూ అడిగింది. "నాన్నా, ఆవిడ చెప్పింది నువ్వు ముందే అనుకుని పెట్టుకున్నావా?"

"లేదమ్మా. అప్పటికప్పుడు వచ్చేసింది."

"అయితే నిజమే అయ్యుంటుంది" అని గిన్నె బోర్లించింది.

ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు, ఉండనా అని నువ్వు అడిగావు. మాకేం ఇబ్బంది లేదు, ఉండు అని రాశాను. నీకు ఆ పనంటే ప్రాణమని తెలుసు. నేను అడ్డం పడకూడదనుకున్నాను. కానీ రాసింది అబద్ధం. పిల్ల నీ దుప్పటి ఉతకనివ్వడం లేదు. నేను పని నుంచి వచ్చి, తాళం తీసే ముందు మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోతున్నాను. ఉండాలో రావాలో నువ్వే తేల్చుకో. నా అబద్ధాన్ని నమ్మి మాత్రం తేల్చుకోకు.

ఇంతవరకూ పిల్లకి చదివి వినిపించాను. ఇంకేమైనా రాయాలా అని అడిగితే, "అన్నీ రాశావు, రమ్మని మాత్రం రాయలేదు" అంది.

వచ్చెయ్యి.

ఇట్లు,
మీ ఆయన