ఎలుకలు తినని చాక్

అక్కా,

ఫోన్లో చెబితే నవ్వేసి పెట్టేస్తావని రాస్తున్నాను. కొట్లో గుడ్డ మీద గీతలు గీసే చాక్ ముక్కలు మాయమవుతున్నాయని మీ మరిది గోల పెడితే, ఎలుకలన్నాను. పాపం, బోను కూడా పెట్టారు. మొన్న కత్తెర కోసం వెనక్కి వచ్చి, కుట్టుమిషను ముందు చాక్ నములుతున్న నన్ను చూసి, "ఓహో, ఇదా ఆ ఎలుక!" అన్నారు. నవ్వలేదు మాత్రం. చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లారు.

ఈ నీరసమంతా కీళ్లవాతమేనని నేను అనుకున్నాను, నువ్వూ అదే అనేదానివి. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తపరీక్ష రాశారు. ఒంట్లో ఇనుము అడుగంటిందట. కీళ్లవాతం వాపు వల్ల ఉన్న ఇనుము కూడా రక్తానికి సరిగ్గా అందదట. పైగా మనం మింగే నొప్పి మాత్రలకి కడుపులో రక్తం కారొచ్చట. "ఇనుము తగ్గితే కొందరికి సుద్ద, మట్టి, ఐసు మీదికి మనసు పోతుందమ్మా," అన్నారు.

ఐసు అన్న దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే రెండుసార్లు లేచాను. ఆమధ్య మీ ఇంట్లో గ్లాసుల కొద్దీ ఐసు కరకరా నమిలావు. "ఎండకా అక్కా?" అంటే, "కాదే, ఊరికే," అన్నావు. మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడ్డావు. నీవీ నాలాంటి కీళ్లే, మింగేవీ అవే మాత్రలు.

అలుగుతావని బావగారికి ఇంకా చెప్పలేదు. ఇది చదువుతూ కూడా నములుతుంటే, ఆ ఐసు ఉమ్మేసి చెప్పులేసుకో.

నీ ఎలుక