పద్నాలుగో మగ్గం దగ్గర

అమ్మకు, ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

నిరుడు మన మిల్లులో తీశారే, ఆ సినిమా ఇక్కడ ఆడుతోంది. పైకొచ్చినవాడు సొంత ఊరికి తిరిగొచ్చే కథ. నవ్వించబోయి ఉసూరుమనిపించారు. "నవ్వొచ్చే చోట లేపవే" అని, నాతో కుట్టుపని చేసే అక్క పడుకుంది. చివరిదాకా లేపే అవసరమే రాలేదు.

కానీ మగ్గాల షెడ్డులో హీరో గంతులేస్తుంటే, వెనక పద్నాలుగో మగ్గం దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. మూడేళ్ల కిందట ఆ మగ్గం పొట్టన పెట్టుకున్న మన నాన్నే. రెండు వేళ్లు లేని ఆ చెయ్యి నేను పోల్చుకోలేనా? ఆ మోతలో మాట వినపడదని మనవాళ్లు చేసుకునే సైగ చేశాడు. అరచెయ్యి చూపించి పిడికిలి బిగించాడు. దగ్గరికి రావద్దని. నావైపే చూస్తూ.

తమ్ముడు సోమవారం పనిలో చేరతాడని రాశావు. నేను వచ్చేదాకా వాణ్ణి మిల్లు గుమ్మం తొక్కనివ్వకు. అలిగితే అలగనీ. అత్తయ్య మోకాళ్లు ఎలా ఉన్నాయి? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? తమ్ముడికి నా దీవెనలు.

నీ పెద్దమ్మాయి

చోటు చాలక అంచున రాస్తున్నా. మొన్న శుక్రవారం వాడికి కుట్టి పంపిన ఆకుపచ్చ చొక్కా అందిందా? గుడ్డ చాలక ఎర్ర కాలరు వేశాను. అందితే దాచెయ్యి, తొడగనివ్వకు. నిన్న ఒక్కదాన్నే మళ్లీ ఆ సినిమాకి వెళ్లాను. మగ్గం దగ్గర నాన్న లేడు. ఆ ఎర్ర కాలరు చొక్కా వేసుకుని ఎవరో అటు తిరిగి నిలబడి ఉన్నారు.