పై బస్తీకి నీళ్లొచ్చాయి

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మాయాబందర్‌లో పొద్దుటి నుంచి ముసురు పట్టింది. ఓట్లెయ్యలేదన్న కోపంతో, పంచాయతీ ప్రధాన్‌గా ఉన్న పదిహేనేళ్లూ మీరు పైపు వెయ్యనివ్వని పై బస్తీకి ఈ ఉదయం నీళ్లొచ్చాయి. కొత్త ప్రధాన్ నూకరత్నం ఆ బస్తీ మనిషే. నన్ను పిలవడానికి తనే మనింటికొచ్చింది.

"దీదీ, కుళాయి మీరే తిప్పాల. చలియే."

"నేనెందుకమ్మా?"

"భయ్యాకి తెలీకుండా అన్నేళ్లు మీ నూతిలో నీళ్లు తోడుకోనిచ్చారు కదా."

అవునండీ, మీరు పంచాయతీకి వెళ్లగానే పెరటి తలుపు తీసేదాన్ని. మీతో ఎప్పుడూ చెప్పలేదు.

వెళ్లి కుళాయి తిప్పాను. ఆడవాళ్లు వరసగా బిందెలు పట్టుకున్నారు. ఎవరూ మీ పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.