తమ్ముడి మాటల పెట్టె

అయ్యా,

మీరు వెబ్‌సైట్లో పెట్టిన నమూనా ప్రోగ్రాముతో మా తమ్ముడు ఒక మాటల పెట్టె చేసుకున్నాడు. జబ్బుతో గొంతు పోకముందే, తన గొంతుతోనే "దాహం", "అక్కా, నస పెట్టకు" లాంటి మాటలు అందులో నింపుకున్నాడు. ఇంకా కదిలే ఒక్క వేలితో మీట నొక్కితే అది పలికేది.

నిన్న ఆగిపోయింది. ఇంజనీరు విప్పి చూసి, "ఇది నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన నమూనా అమ్మా! మాటలు దాచిన చిప్‌లోనే క్షణక్షణం ఏదో ఒకటి రాస్తూ ఉంటుంది. రోజంతా వాడితే చిప్ అరిగిపోదూ? లోపలి మాటలిక రావు," అన్నాడు.

ఉచితంగా ఇచ్చిన మిమ్మల్ని నిందించను. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఆ మాటలు బయటికి తీసే దారి మీకేమైనా తెలుసా? లేకపోతే ఆ పేజీలో ఈ సంగతి ఒక్క ముక్క రాయండి బాబూ.

కరెంటు లేదని తమ్ముడితో అబద్ధమాడాను. వాడు పైన తిరుగుతున్న ఫ్యానుకేసి చూస్తున్నాడు.

ఇట్లు,
వాడి అక్క