ఆఫీసుకు రాని ఫోన్

తార్నాక,
19 జూన్ 1994

ప్రియమైన మా ఇంటాయనకు, ప్రభువు పేరున వందనాలు చెప్పి మీ కృపారాణి రాస్తున్నది.

ముందుగా నా అక్షరాలను, తప్పులను క్షమించండి. ఊళ్లో చర్చి బడిలో ఐదో తరగతితో ఆగిన చదువు. ఆ తరువాత కలం పట్టింది సంతకాలకే. గీతలు లేని కాగితం కావడంతో వరుసలన్నీ కిందికి జారిపోతున్నాయి. సోమమ్మత్త తాను రాసి పెడతానన్నది. కానీ ఇంటి ఓనరమ్మ చేత మొగుడికి ఉత్తరం రాయిస్తే, సాయంత్రానికల్లా బోరింగు దగ్గర అందరికీ తెలిసిపోతుంది. కవరు మీద మీ పేరు రాయక తప్పలేదు. గదిలో ఎవరూ లేకపోయినా ఎడమ చేత్తో కప్పుకుని రాశాను.

నేను బాగున్నాను. రెండు వానలు పడ్డాయి. మీ సైకిలు లోపల పెట్టించాను. మూడు నెలల ట్రైనింగు అన్నారు, ఆ పూనా తిండి మీకు పడుతున్నదో లేదో.

ఒక సంగతి అడగాలి. గురువారం కింద ఫోన్ మోగింది. సోమమ్మత్త మెట్ల దగ్గర నిలబడి, "ఓ రాణీ! నీ మొగనికి ఫోనొచ్చింది. ఆడామె!" అని వీధంతా వినేటట్టు కేక పెట్టింది. దిగి వెళ్లి తీసుకున్నాను.

"సుదర్శన్ గారు ఉన్నారా అండీ? నేను సుధామయిని, క్యాంపస్ ల్యాబ్ నుంచి."

"లేరు. పూనా పోయిండ్రు."

"అయ్యో, అప్పుడే వెళ్లిపోయారా? నాతో చెప్పనే లేదే!"

ఫోన్ పెట్టేశాక సోమమ్మత్త నా మొహంలోకి చూసి, "ఎవలే గామె? గొంతు పాకంల ముంచి తీసినట్టున్నది. మీ ఆయన మెకానిక్కా, డాక్టరా?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పెళ్లయి రెండేళ్లయినా మీ పేరు నా నోటి నుంచి బయటికి రాలేదు. ఆమె ఎంత సులువుగా పలికింది! మీరు బాగు చేసే ఆ ల్యాబు ఫ్రీజరు చెడిపోతే మీ ఆఫీసుకు కదా ఫోన్ చేయాలి, ఇంటి నంబరు ఆమెకు ఎవరిచ్చారు? మీరు ఊరికి వెళ్లే సంగతి ఆమెకు ఎందుకు చెప్పాలి?

చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. మీ గదిలో ఉండేవాళ్లు చూస్తే నా రాతకు నవ్వుతారు.

ఇంటి దగ్గర మీ కోసం,
కృప

*

పూనా,
28 జూన్ 1994

ప్రియమైన రాణీ,

వరుసలు కిందికి జారితే ఏం, నేను తల వంచుకుని చదివాను. కాల్చలేదు.

సుధామయి గారు ల్యాబులో పనిచేసే ఆమె. అక్కడున్న పెద్ద ఫ్రీజరు ఆమె చేతి కింద ఉంటుంది. అంతే. ఇంటి నంబరు నేనే ఇచ్చాను. ఎందుకో చెబుతాను, నీకు అర్థమవుతుంది.

ఆ ఫ్రీజరు నెలలో ఇన్ని గంటలకు మించి ఆగకూడదని మా కంపెనీకీ వాళ్లకూ కాంట్రాక్టు ఉంది. ఆగిన కాలాన్ని డౌన్‌టైమ్ అంటారు. అది మించితే మా బిల్లులో కోత పెడతారు. అయితే ఆగినట్టు ఎప్పటి నుంచి లెక్క? ఫ్రీజరు ఆగినప్పటి నుంచి కాదు. మా ఆఫీసుకు ఫోన్ వచ్చి, కంప్లైంటు నంబరు ఇచ్చినప్పటి నుంచి. ఆ ఫోనే రాకపోతే కాగితం మీద ఫ్రీజరు ఆగనట్టే. లోపల చల్లదనం తగ్గినా, పైన లైటు వెలుగుతున్నంతసేపు నడుస్తున్నట్టే. అందుకని చిన్నా పెద్దా ఏదైనా ఆమె మన ఇంటికే ఫోన్ చేస్తుంది, నేను వెళ్లి బాగు చేసి వస్తాను. లెక్కలోకి రాదు. ఈ ఏడాది నా క్యాంపస్‌లో డౌన్‌టైమ్ సున్నా. మేనేజరు అందరి ముందు చెప్పాడు. ఇంతమందిలో నన్నే పూనాకు పంపింది అందుకే.

మళ్లీ ఆమె ఫోన్ చేస్తే బిక్షంకు కబురు చెప్పు. నాతో పనిచేసే కుర్రాడే, అడిక్‌మెట్‌లో రేషన్ షాపు పక్క గదిలో ఉంటాడు. వాడు వెళ్లి చూస్తాడు. ఆఫీసుకు చేయమని మాత్రం ఆమెతో అనకు.

పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు.

నీ
సుదర్శన్

*

తార్నాక,
10 జూలై 1994

ప్రియమైన మీకు,

రాత బాగోలేదని ఈసారి చెప్పుకోను. కోపంతో రాస్తున్నాను.

మీ సుధామయి మూడుసార్లు ఫోన్ చేసింది. "లైటు వెలుగుతోందండీ, కానీ కూలింగ్ పడిపోతోంది. ఆయన ఎవరినైనా పంపమన్నారా?" అని అడిగింది. ప్రతిసారీ "చెప్త" అన్నాను. బిక్షం దగ్గరకు వెళ్లలేదు. వెళ్లను. మీ ఇద్దరి మధ్య కబుర్లు మోయడానికి నేను రాలేదు.

ఎందుకు ఇంత కోపమో వినండి. నేరేడు పళ్లు ఏరుకొద్దామని సోమమ్మత్త క్యాంపస్‌కు బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. పళ్ల కోసం కాదు, ఆమె ఎలా ఉంటుందో చూడాలని. ల్యాబు ఎక్కడో అడిగి తెలుసుకున్నాం. మధ్యాహ్నం అన్నం వేళ. మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని తింటున్నారు. ఒకామె "సుధా, పచ్చడి ఇటివ్వు" అన్నది. అలా తెలిసింది. సన్నగా, తెల్లగా ఉన్నది. నీలం చీర, దానికి సరిపోయే గాజులు. జడలో ఒకే ఒక్క కనకాంబరం మాల. అందంగా లేదని రాద్దామని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను.

ఆమె ఒళ్లో స్టీలు డబ్బా ఉన్నది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. సోమమ్మత్త కళ్లు చిట్లించి చదివింది.

"కృ... పా... గా డబ్బ నీది గాదే?"

"మెల్లగ అత్తా!"

"ఏంది మెల్లగ! పేరు కొట్టిచ్చిన గిన్నె గామె ఒళ్లెకు ఎట్ల పోయింది? నడువ్, అడుగుదం."

"వద్దత్తా, నీ కాళ్లు మొక్కుత."

మేం నిలబడ్డ చెట్టు చాటు నుంచే వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ డబ్బా మా అమ్మ వరంగల్‌లో కొని, నా పేరు కొట్టించి పెళ్లికి ఇచ్చింది. దాని నిండా మురుకులు చేసి, మీ దోస్తులకు పెట్టమని మీ చేతికి ఇచ్చాను. మళ్లీ అడిగితే బస్సులో మరిచిపోయానన్నారు. మూడు రోజులు నేను ఆ డబ్బా కోసం ఏడిస్తే, పోతే పోనీ కొత్తది కొందామని నా కళ్లు తుడిచారు.

మీ ఫ్రీజరు లెక్క ఇప్పుడు నాకు బాగా అర్థమయింది. నేను పొద్దున లేస్తున్నాను, వండుతున్నాను, ఇంట్లో లైటు వెలుగుతున్నది. ఇన్నాళ్లూ నోరు తెరిచి కంప్లైంటు చేయలేదు. కాబట్టి మీ కాగితంలో నేను ఆగనట్టే.

ఇదీ కాల్చేయండి. లేదా మీ సుధామయి గారికి చదివి వినిపించుకోండి.

కృపారాణి

*

పూనా,
20 జూలై 1994

రాణీ,

ఎంత పని చేశావు! బిక్షంకు ఎందుకు చెప్పలేదు? ఫ్రీజరు పూర్తిగా చచ్చిపోయింది. ఆదివారం సెలవు కావడంతో ఎవరూ చూడలేదు. ఒక విద్యార్థి మూడేళ్లు ఊళ్లు తిరిగి తెచ్చుకున్న రక్తం నమూనాలన్నీ కరిగిపోయాయట. మేనేజరు సుందరరావు ఇక్కడికి ఫోన్ చేసి గంటసేపు తిట్టాడు. ఫోన్ రాలేదు కాబట్టి మెషిన్ ఆగలేదు, నమూనాలు పాడైంది వాళ్ల నిర్లక్ష్యం వల్ల అని కంపెనీ రాసి ఇస్తోంది. అదే నిలబడాలి. నిలబడకపోతే నా ఉద్యోగం పోతుంది.

అందుకని జాగ్రత్తగా విను. ఎవరు వచ్చి అడిగినా, ఇంటికి ఏ ఫోనూ రాలేదని చెప్పు. సోమమ్మ గారికి కూడా చెప్పి ఉంచు.

డబ్బా సంగతి. అవును, నేనే ఇచ్చాను. నీ దగ్గర అబద్ధం చెప్పాను. కానీ నువ్వు అనుకునేది కాదు, దేవుని మీద ఒట్టు. ఆమె ఆఫీసుకు ఫోన్ చేయకుండా ఉండాలంటే ఆమెతో మంచిగా ఉండాలి కదా! రెండు మాటలు నవ్వుతూ మాట్లాడాలి, ఎప్పుడైనా ఇంటి తిండి ఇవ్వాలి. మేనేజరే చెప్పాడు, కస్టమర్‌ను మన చేతిలో పెట్టుకోవాలని. ఇంటికి ఫోన్ చేయించుకునే సంగతి ఆయనకూ తెలుసు. ఆమె మీద నాకు ఏమీ లేదు. అది పని. అంతే.

ఇప్పటికైనా నీ మనసు కుదుటపడాలి.

సుదర్శన్

*

తార్నాక,
7 ఆగస్టు 1994

ప్రియమైన సుదర్శన్,

ఉలిక్కిపడకండి. మీ పేరు నా కలానికి ఎలా వచ్చిందో కింద రాస్తాను.

మీ ఉత్తరం వచ్చిన మూడో రోజున సుధామయి మన ఇంటికి వచ్చింది. వాన పడుతున్నది. గొడుగు బయట పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడి నా డబ్బా చాపింది. ఖాళీగా ఇవ్వకూడదని లోపల పుట్నాలు, బెల్లం ముక్క వేసి తెచ్చింది.

"మురుకులు చాలా బాగున్నాయండీ. ఎన్నిసార్లు ఇచ్చేద్దామనుకున్నానో. ఆయనేమో, ఉంచుకోండి, మా ఇంట్లో ఇలాంటివి చాలా ఉన్నాయి అన్నారు."

చాలా లేవు. అది ఒక్కటే ఉన్నదని నేను చెప్పలేదు.

ఆమెది టెంపరరీ ఉద్యోగమట. ఆఫీసుకు ఫోన్ చేయకుండా ఊరుకున్నందుకు ఈ నెలతో పంపించేస్తారట. తండ్రి మంచం మీద ఉన్నాడు, ఇంట్లో సంపాదన ఆమెదే. "మీ ఇంటికి ఫోన్ చేశానని మీరొక్కరు వచ్చి చెబితే చాలండీ" అన్నది. నేను ముందు మీ గురించి అడిగాను. క్యాంపస్‌కు వస్తే ఎలా ఉండేవారని.

"వచ్చీ రాగానే ముందు మా నాన్నగారి సంగతి అడిగేవారు. తరవాతే ఫ్రీజరు" అని చెప్పి, నవ్వి, గోడ వైపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. పెళ్లిచూపులకు మీరు వచ్చి వెళ్లాక నేనూ అలాగే గోడ వైపు చూశాను.

మీరు పని కోసం నవ్వారు. ఆమె పని కోసం నవ్వలేదు. మీరు ఆమె మీద మనసు పడి ఉంటే నాకు కోపం వచ్చేది, నాకు తెలిసిన కోపమే. ఏమీ లేకుండా, మా అమ్మ డబ్బాలో నా మురుకులు పెట్టి ఒక ఆడపిల్లను మీ చేతిలో పెట్టుకున్నారు. మరి ఇంట్లో నా కళ్లు తుడిచింది కూడా పనేనా? ఇది మీరు ఇంటికి వచ్చి, నా ఎదుట కూర్చుని చెప్పాలి.

అలా అని ఆమె మీద జాలి పుట్టిందనుకోకండి. మీ మాట ప్రకారం ఒక్క అబద్ధం ఆడితే ఆమె ఆ ల్యాబు నుంచి వెళ్లిపోతుంది. మీ ఉద్యోగం నిలుస్తుంది. జూన్ నుంచి నేను ప్రార్థనలో అడుగుతున్నది ఆమె వెళ్లిపోవాలనే. నేను కోరుకున్నదే ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడితే నాకు ఏం చేయాలో తోచలేదు. రేపు వస్తానని మాత్రం అన్నాను. వచ్చి ఏం చెబుతానో చెప్పలేదు.

సోమమ్మత్తను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ ల్యాబుకు పెద్ద అయిన ప్రొఫెసర్ పార్థసారథి గారి గదిలో మీ సుందరరావు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సుధామయి ఒక మూలన నిలబడి ఉన్నది. సోమమ్మత్త కొంగు పట్టుకుని నిలబడ్డాను.

"సింపుల్ సార్" అంటున్నాడు సుందరరావు. "మా ఆఫీస్‌కి కాల్ రాలేదు. కాల్ రాకపోతే డౌన్‌టైమ్ లేదు. కాంట్రాక్ట్‌లనే ఉన్నది. అసలు మెషిన్ ఆగనట్టే గదా సార్."

ఆగనట్టే! అక్షరం పొల్లు పోకుండా మీ మాటే. అది విన్నాక నా నోరు దానంతట అదే తెరుచుకున్నది.

"ఆగింది సార్. ఫోన్ మా ఇంటికొచ్చింది. నేనే మాట్లాడిన."

"ఇంటికి ఎందుకమ్మా? ఆఫీసుకు కదా చేయాలి" అన్నారు ప్రొఫెసర్ గారు.

"ఆఫీసుకు చేస్తే గంటలు లెక్కకొస్తయని, ఇంటికే చెయ్యమని మా ఆయననే చెప్పిండు సార్. మేనేజర్ సారుకు గూడ ఎరుకే."

"ఆమెకేం తెలుసు సార్, సదువు లేని మనిషి!" సుందరరావు కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"సదువు లేకుంటె చెవులు లేవా?" అన్నది సోమమ్మత్త. "ఫోను నాది. ఎత్తింది నేను. పిలిచింది నేను. ఇగ నన్నడుగు."

ప్రొఫెసర్ గారు చేయి ఎత్తి ఇద్దరినీ ఆపారు. "మీ ఆయన పేరేంటమ్మా? రాసుకోవాలి."

సోమమ్మత్త చెప్పబోయింది. నేను ఆమె కొంగు వదిలేసి, "సుదర్శన్" అన్నాను. అందరూ విన్నారు. మొదటిసారి మీ పేరు పలికింది మీ మీద సాక్ష్యం చెప్పడానికి.

బిక్షంకు కబురు చెప్పమని మీరు రాసిన సంగతీ, నేను చెప్పని సంగతీ కూడా చెప్పాను. "ఎందుకు చెప్పలేదు?" అని ఆయన అడిగారు. తల వంచుకున్నాను. తల ఎత్తేసరికి సుధామయి నన్నే చూస్తున్నది. ఆమెకు అర్థమయింది. మొహం ఎర్రబడి, చూపు కిటికీ వైపు తిప్పుకున్నది. ప్రొఫెసర్ గారు మళ్లీ అడగలేదు.

కూలింగ్ పడిపోయిన రోజు నుంచే ఆగినట్టు లెక్క కట్టి కంపెనీకి రాస్తామన్నారు. సుధామయిని మందలించి వదిలేస్తారట. ఆ విద్యార్థి గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని నమూనాలు ఏ లెక్కతోనూ తిరిగి రావు. అందులో నా వంతు ఉన్నది. అతని మొహం చూడకుండా ముందు నుంచి దాటి వచ్చాను.

బయటికి వచ్చాక సుందరరావు, "నీ మొగనికి చెప్పు, పూనాలనే ఏదైన పని సూస్కొమ్మని" అన్నాడు. సోమమ్మత్త తమ్ముడికి కాచిగూడలో ఫ్రిజ్జులు బాగు చేసే దుకాణం ఉన్నదట. మనిషి కావాలంటున్నాడట. మీరు తిట్టాలనుకుంటే వచ్చి తిట్టండి. రాకుండా మాత్రం ఉండకండి.

గేటు దాకా సుధామయి వెంట వచ్చింది. నా చేయి పట్టుకుని ఏదో చెప్పబోయింది. నేను చేయి విడిపించుకుని, "ఇగ ఫోను ఆఫీసుకే చెయ్యి మేడం. మా ఇంటికొద్దు" అన్నాను. సోమమ్మత్త దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నది.

ఆమె ఇచ్చిన పుట్నాలు వీధిలో పిల్లలకు పంచాను. డబ్బాను చింతపండుతో రెండుసార్లు తోమాను. అయినా మూత తీసినప్పుడల్లా ఆమె గాజుల చప్పుడు వినిపిస్తున్నది. ఇంత చేసినా నా కుళ్లు తగ్గలేదు. ఆమె నీలం చీర నా కళ్ల ముందు నుంచి పోలేదు.

మీరు కాల్చకుండా దాచుకున్న ఉత్తరాలు దాచుకోండి. ఈ ఒక్కదాన్ని మాత్రం నిజంగా కాల్చేయండి. నా రాత చూసి ఎవరో నవ్వుతారని కాదు. ఫోన్ సంగతీ, మీ సంగతీ, నేను చేసిన తప్పూ నలుగురి ముందు నోటితోనే చెప్పాను, వాటికి దాపరికం లేదు. ఎందుకు చెప్పలేదని వాళ్లు అడిగితే నేను నోరు విప్పని జవాబు, నా కుళ్లు, ఒక్కటే ఈ కాగితంలో ఉన్నది. ఆమె ఎలాగూ కనిపెట్టింది, ఇక మీకు తప్ప ఎవరికీ అది తెలియకూడదు. చదివి, అగ్గిపుల్ల గీసి, బూడిదయ్యేదాకా అక్కడే నిలబడండి.

మీ
కృపారాణి