నీలం గోడ

మార్చి 3

ఇందుమూలంగా సమస్త వార్డు ప్రజలకూ తెలియజేయడమేమనగా: ఏడో నంబరు బెడ్డు దుప్పటి కాళ్లు కప్పితే మెడకూ, మెడ కప్పితే కాళ్లకూ చాలనందున, నేటి నుంచి పొడుగు మనుషులు జబ్బు పడటం నిషేధించడమైనది. ఇట్లు, ఏడో నంబరు.

అక్క ఇచ్చిన కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా టాబ్లెట్లు వేసి రోగాల్ని ఆపే లోపలి కాపలావాణ్ణి నిద్రపుచ్చారు. సందు చూసుకుని ఊపిరితిత్తుల్లోకి బూజు, అదే ఫంగస్, దూరింది. పాత మందు దాన్ని ఏమీ పీకలేకపోయింది. ఇప్పుడు కొత్త మందు, ఇంకా ట్రయల్లోనే ఉందట. ఈ వార్డులో ఇద్దరికే ఇస్తున్నారు: నాకూ, పక్క బెడ్డు టైలర్‌కూ. అతనిది బ్లడ్ క్యాన్సర్, కీమో తర్వాత ఇదే బూజు పట్టింది. నన్ను బావా అంటాడు. మాకున్న చుట్టరికం దగ్గొక్కటే.

మార్చి 6

టైలర్ ఇవాళ ఆక్సిజన్ గొట్టం లేకుండా బాత్రూమ్ దాకా నడిచాడు. తిరిగొచ్చి నా గౌను ఎగాదిగా చూసి, దీన్ని కుట్టినవాడు దొరికితే చెవి మెలేస్తాను బావా అన్నాడు. పది రోజుల్లో అంత పొడుగు మాట ఇదే. కొత్త మందు చలవ.

మార్చి 8

కొత్త మందు ఏమైనా తేడా చేసిందా అని రోజూ ఫారం నింపాలి. తలనొప్పి? లేదు. వాంతి? లేదు. సిస్టర్ తలెత్తకుండానే టిక్కులు పెట్టుకుని పోతుంది.

ఇవాళ ఎదురు గోడ నీలంగా కనిపించింది. సిస్టర్ ముఖం కూడా. అదే చెప్పాను. పెన్ను ఆగింది. ఎంత నీలం అంది. నిన్ను ఇంకు సీసాలో ముంచి తీసినంత అన్నాను. పరుగున పోయి డాక్టరమ్మను తీసుకొచ్చింది.

మార్చి 9

డాక్టరమ్మ టైలర్‌నీ అడిగింది. అతను నా వైపు చూసి, అవునమ్మా, నాకూ నీలమే అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

మార్చి 10

మందు ఆపేశారు. ఇద్దరికీ. ఒక్కడే చెబితే చూద్దామనుకునేవాళ్లట. ఇద్దరూ ఒకే మాట అనేసరికి కంటి నరాలకు ముప్పేమోనని అనుమానం. ట్రయల్ కమిటీ సరే అనేదాకా మళ్లీ పాత మందే. అక్క ఫోన్ చేసి, కళ్లు జాగ్రత్తరా వెధవా, కిడ్నీ అంటే ఇచ్చాను గానీ కళ్లు ఇవ్వలేను అంది.

మార్చి 11, మధ్యాహ్నం రెండు

పాత మందు ఎక్కుతుంటే టైలర్‌తో పాటు మంచమూ వణికింది. గొట్టం మళ్లీ వచ్చింది. నీకు నిజంగా నీలం కనిపించిందా అని అడిగాను. లేదు బావా, నువ్వొక్కడివే చెబితే వేళాకోళం కింద కొట్టేస్తారని వంత పాడాను అన్నాడు. మాట వెనక్కి తీసుకోవయ్యా అన్నాను. తీసుకుంటే నీకు మళ్లీ అదే మందు పెడతారు, నీ కళ్లు పోతేనో అన్నాడు. నేనా, ఎలాగూ... అన్నాడు. మిగతాది దగ్గులో పోయింది.

మార్చి 12

టైలర్‌కు జ్వరం 103. దగ్గితే గుడ్డ ఎర్రబడుతోంది.

మార్చి 13, పొద్దున పదకొండు

అతని బెడ్డు చుట్టూ తెర లాగారు. తెర కింద నాలుగు జతల కాళ్లు.

బెల్ మూడుసార్లు నొక్కాను. అందరూ తెర లోపలే ఉన్నారు.

గోడ ఏనాడూ నీలంగా లేదు. సిస్టర్ ఒక్కసారి తలెత్తి చూస్తుందని కల్పించాను.